లాభం

ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ దిగే రోజులు.
గేటుకాడ కూసున్నోనికి సుత దగ్గే.
రాత్రి రెండున్నరకు తేజ బస్తల లారీ ఒకటి
లైట్లు ఆర్పుకుంట లోపలికొస్తది,
ఆ ఘాటు ముక్కుల వడంగనే
కుర్చీ ఇడిచి నేలకు కరుచుకోబుద్ధయితది.
ఇరవై ఏండ్లాయె. పెయ్యి మరువదు.

కెప్టెన్ బొల్లం రాజలింగం
ఈ మార్కెట్ల దడువాయి కొడుకు.
నేను ఆయన రేడియో మోసినోన్ని, ముల్కనూరోన్ని.
ఎక్కిన పద్దెనిమిది మందిల
తెలుగోళ్ళం మేమిద్దరమే.

ఆ కొండకు పేరు లేదు, నక్ష మీద ఒక అంకె.
ఎక్కేముందు చీకట్ల మమ్ముల లెక్కవెట్టేది.
టార్చి వెయ్యద్దు గద, అరచెయ్యితోనే.
తన రొమ్ము మీద చెయ్యివెట్టుకొని "లాభం" అనేది,
అటెనుక ఒక్కొక్క భుజం: రెండు, మూడు, నాలుగు...
ఆఖర్ల నేను, వీపు మీద పెట్టెతోని.
సాక్సులు తడిసినయా అని
బూట్లల్ల వేళ్ళు వెట్టి సుత చూసేది.

కుంజుమోను అడిగిండొకసారి,
సార్, ఒకటి ఏడవోయింది?
"మా నాయిన కాంటకాడ ఒకటి అనడు.
మొదటి బస్తను ఒంటిదాన్ని చెయ్యద్దంటడు."
మలయాళమోడు, తమిళమోడు, కన్నడమోడు
అందరు నేర్చుకున్నరు పద్దెనిమిదిదాకా,
పచ్చిపులుసు తాగ నేర్చినట్టె.

యుద్ధమంటే పెద్ద చప్పుడనుకుంటరు.
నాకు యాదికున్నది చిన్న చప్పుడు:
రాతి పెచ్చులు హెల్మెట్ మీద వడుడు,
పెనం మీద జొన్నలు పేలినట్టు.
మూడు గంటలు ఒక్క బండ ఎనుకనే.
కింది నుంచి రేడియోల అడుగుతున్నరు,
ఎక్కుతరా, దిగుతరా?
ఆయన నా చేతిలకెళ్ళి గుంజుకొని
"చాయ్ తాగుతున్నం సార్, అయినంక చెప్తం" అన్నడు.
చాయ్ ఏడిది? సీసాల నీళ్ళే గడ్డగట్టినయి.
ఎవడో కిసుక్కుమన్నడు.
ఆ నవ్వుతోని మా మోకాళ్ళు మళ్ల మావైనయి.

పొండ్రి అని ఎన్నడనలే ఆయన.
"నేను ఎడమదిక్కుకెళ్ళి పోత.
నా చప్పుడు ఇనవడ్డంక రాండ్రి."
నడుముకు తాడు, రెండు గ్రెనేడ్లు.
పాక్కుంట పోయిండు.
ఇనవడ్డది.
పోయినం.

సెల్వం తొడకు తాకి పడిపోతే
మళ్ల కిందికొచ్చిందీ ఆయనే.
కొక్కెం లేకుంట బస్త లేపే ఉపాయం తండ్రిది,
మోకాలొంచి, వెన్నుపూస నిలవెట్టి, ఒక్క ఊపు.
సెల్వాన్ని బండ ఎనుక దించినంకనే
ఆయన అంగీ తడి మాకు కనవడ్డది.

ప్రాణాలు లెక్కచేయని వీరుడని పేపర్ల రాసిన్రు.
చదివి నాకు కోపమొచ్చింది.
ఆ మనిషి చేసిన పనే లెక్కచేసుడు.

తెల్లారుతుంటె రాయికి ఆనుకొని
చెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నడు.
పెదవి కదిలింది, మాట రాలే.
ఆగినం.
ఎంతసేపో ఆగినం.
కుంజుమోను, గొంతు పలిగి, "రెండు" అన్నడు.
మూడు. నాలుగు.
సెల్వం పండుకొనే "పదకొండు" అన్నడు.
నా దాకా ఒక్క అంకె తప్పలే.

నెలకు వచ్చి ఆ తండ్రిని కలిసిన.
కాంట గొలుసు సవరిస్తనే అడిగిండు,
"ఎంతమంది దిగిన్రు బిడ్డా?"
"పదిహేడు."
"లాభం కలుపుకొనా?"
తల అడ్డంగ ఊపిన.
తువ్వాలతోని కాంట పళ్ళెం తుడిచిండు.
తుడుస్తనే ఉన్నడు.

ఇప్పుడన్ని కరెంటు కాంటలు,
అంకెలు ఎర్రగ వెలుగుతయి, నోటితోని పిలిచేటోడు లేడు.
నా గేటు రిజిస్టర్ల మాత్రం మొదటి గడి ఖాళీ,
లారీలు రెండు నుంచి మొదలైతయి.
సెక్రెటరీ సారు నెలకోసారి తిడుతడు,
"పోశాలూ, ఒకటో బండి ఏమైందయ్యా?"

ముందు పోయింది సార్.